చట్టం ముందు మేం ముగ్గురం

మేం ముగ్గురం కలిసి రాసిన ప్రోగ్రాం పేరు ఇక్కడ చెప్పను. చెబితే ఎవరో ఒకరు వెతికి దించుకుంటారు. అది నాకిష్టం లేదు.

నేను హిందూపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. పుట్టి పెరిగింది ధర్మవరంలో. మా నాయన మగ్గం నేసేవాడు కాదు, మగ్గాలకు డిజైన్లు గీసేవాడు. గళ్ల కాగితం మీద గడి గడికీ రంగు నింపి, దాన్ని చూసి అట్టలకు చిల్లులు కొట్టించేవాడు. ఆ అట్టలు మగ్గం పైనుండి దారాలను ఎత్తి దించే జకార్డు యంత్రంలో ఒకదాని వెంట ఒకటి తిరిగితే చీర అంచులో నెమలి తేలుతుంది. ఒక్క చిల్లు తప్పు పడినా నెమలి వచ్చిన ప్రతిచోటా ఆ తప్పు కనబడుతుంది. ఈ పని చేసిపెట్టే ప్రోగ్రాంలు బజారులో లేకపోలేదు. మా వీధిలో వాటిని కొనే స్తోమత ఎవరికీ లేదు. అందుకని వేసవి సెలవుల్లో నాయన పక్కన కూర్చుని, ఆయన ఎట్లా గీస్తాడో అడిగి అడిగి, చిన్న ప్రోగ్రాం ఒకటి రాశాను. బొమ్మ ఇస్తే అట్టల లెక్క తీసి చూపిస్తుంది. అంతే.

దాన్ని దాచుకోవాలని నాకు అనిపించలేదు. సోర్సు కోడ్ మొత్తం ఇంటర్నెట్‌లో తెరిచి పెట్టాను. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, మార్చి ఎవరికైనా ఇస్తే ఆ మార్పులు కూడా బయటపెట్టాలి. ఇదీ షరతు. దాని కింద, అందరూ పెట్టుకునే ఇంగ్లీషు పేరా ఒకటి పెట్టాను. ఈ ప్రోగ్రాం ఉన్నదున్నట్టు ఇస్తున్నాం, దీనివల్ల ఏ నష్టం జరిగినా రాసినవాళ్లది పూచీ కాదు అని ఆ పేరా అర్థం. ఆ పేరాను నేను వేరే చోట నుంచి తెచ్చి అతికించాను. చదివాను కూడా. చదివి, ఇక మనకేం భయం లేదనుకున్నాను.

తర్వాత ఇద్దరు వచ్చి చేరారు. ఒకడు నా పాత విద్యార్థి, పెనుకొండవాడు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శనివారం వచ్చి సోమవారం తెల్లారి పోయేవాడు. ఇంకొకతను చెన్నేకొత్తపల్లిలో మోటార్లు బాగుచేసే షాపు నడుపుతాడు. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేశాడు. అట్టలే లేకుండా, ప్రోగ్రామే నేరుగా ఒక మోటారుతో జకార్డును ఎత్తి దించేట్టు చేస్తే ఎట్లుంటుందని మొదట అడిగింది అతనే. మోటారు సంగతి అతను చూశాడు. మోటారు ఎప్పుడు తిరగాలి, ఎప్పుడు ఆగాలి అని చెప్పే కోడ్‌లో ఎక్కువ భాగం పెనుకొండ పిల్లవాడు రాశాడు. అందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. మధ్యలో కరెంటు పోయి తిరిగొస్తే మోటారు తనంతట తాను కదలదు. నేసేవాళ్లు కాలితో తొక్కుడు పలక నొక్కిందాకా ఆగుతుంది. మా ఊళ్లో కరెంటు ఎట్లా పోతుందో, ఎట్లా వస్తుందో తెలిసినవాళ్లు రాసిన కోడ్ అది.

ధర్మవరంలో కొన్ని ఇళ్లలో అది బాగా నడిచింది. ఎక్కడెక్కడి నేతవాళ్లో మాకు మెయిళ్లు పెట్టేవాళ్లు. అప్పుడు పెనుకొండ పిల్లవాడే అన్నాడు, మనల్ని మనం ఒక సంఘంగా రిజిస్టర్ చేయించుకోవాలని.

వాళ్లింట్లో ఒక ఆదివారం కూర్చున్నాం. వాళ్లమ్మ వేరుశెనక్కాయలు ఉడకబెట్టి పెట్టింది.

"మేడమ్, ఇప్పుడు మనం ముగ్గురు మనుషులం, అంతే. రేప్పొద్దున ఏమన్నా జరిగితే ఎవరి మీదికి వస్తాది? మన మీదికే. సంఘముంటే సంఘం మీదికి పోతాది" అన్నాడు.

చెన్నేకొత్తపల్లి అతను నవ్వాడు. "ఏమబ్బా, మనమేమన్నా దుడ్లు తీసుకుంటాండామా? ఊరికే ఇస్తాండాం. ఊరికే ఇచ్చినోని మీదికి ఎవరొస్తారప్పా?"

"ఊరికే పెట్టిన భోజనం తిని మనిషికి ఏమన్నా అయితే, పెట్టినోళ్లను అడగరా?"

అప్పుడు అతను నవ్వడం ఆపాడు. విచారిస్తే సొసైటీ పెట్టాలంటే కనీసం ఏడుగురు కావాలన్నారు. కంపెనీ అయితే ఇద్దరు చాలు గానీ, ఏటేటా లెక్కలు ఆడిటరుకు చూపించాలి, కాగితాలు దాఖలు చేస్తూ ఉండాలి. మా దగ్గర చూపించడానికి లెక్కలే లేవు. సరే, సొసైటీయే అనుకుని మిగతా నలుగురి కోసం తిరిగాం. ధర్మవరంలో మా ప్రోగ్రాం వాడుతున్న ఒక పెద్దాయన దగ్గరికి నేనే వెళ్లాను. చుట్టుపక్కల ఆయన మాటంటే గౌరవం. నా మాటలన్నీ ఓపిగ్గా విన్నాడు.

"నేను సంతకం పెడితే నా మీదికేమన్నా వస్తాదా, పాపా?"

"రాదు పెదనాయనా. ఎవరి మీదికీ ఏమీ రాకూడదనే గదా ఈ సంఘం."

"అంటే ఏదో ఒకటి వచ్చేదుండాదనే గదా నువ్వు చెప్తాండేది" అన్నాడాయన.

సంతకం పెట్టలేదు. ఆయన భార్య కాఫీ ఇచ్చింది. తాగి వచ్చేశాను. నా కాలేజీలో అడిగిన ఇద్దరూ ఇంట్లో కనుక్కుని చెబుతామన్నారు, చెప్పలేదు. పెనుకొండ పిల్లవాడు కూడా, ఆఫీసులో సంతకం చేసిన కాగితాల్లో బయట సంఘాల్లో పదవులు తీసుకోకూడదని ఉందని, తన పేరు చివర్లో చూద్దామన్నాడు. సంఘం సంగతి అట్లా వెనకబడిపోయింది. పరీక్షల పేపర్లు దిద్దే రోజులు వచ్చాయి. చెన్నేకొత్తపల్లి అతనికి బోర్ల మోటార్లు కాలిపోయే కాలం వచ్చింది. మేం ముగ్గురు మనుషులుగానే ఉండిపోయాం.

ఆ తర్వాత కొన్నాళ్లకు ధర్మవరంలో ఒక షాపులో ఆ బాక్సు చూశాను. ఎక్కడో దూరపు నగరంలోని కంపెనీ తయారుచేసింది. జకార్డును ఎత్తి దించే మోటారుకు పెట్టే బాక్సు. తెర మీద వచ్చిన వరసలు చూడగానే గుర్తుపట్టాను. అవి మావే. ఒక చోట నేను చేసిన స్పెల్లింగ్ తప్పు కూడా అట్లానే ఉంది. మనం రాసింది ఇంత దూరం పోయి ఇట్లా పెట్టెలో కూర్చుని తిరిగి మన ఊరికే వచ్చిందని నాకు ఆనందం కలిగింది. షాపు మనిషి నేనెవరో తెలియక నాకే అమ్మబోయాడు.

"కరెంటు పోయి వచ్చినా మీరు ముట్టుకునే పని లేదమ్మా. దానంతటదే మళ్లీ మొదలుపెడ్తాది. టైం కలిసొస్తాది" అన్నాడు.

అక్కడే నా ఆనందం ఆగిపోయింది. మోటారు ఆగి ఉండాలని మేం రాసిన వరసలను ఎవరో తీసేశారు. కంపెనీకి మెయిల్ రాశాం. మీరు చేసిన మార్పులు షరతు ప్రకారం బయటపెట్టండి, అన్నిటికంటే ముందు ఆ ఒక్కటి సరిచేయండి అని. జవాబు లేదు. మళ్లీ రాశాం. లేదు. ఫోను చేస్తే ఒకామె మర్యాదగా, మీ సంస్థ పేరేంటని అడిగింది. సంస్థ లేదని చెప్పాను. అయితే ఎవరి తరఫున మాట్లాడుతున్నారని అడిగింది. నా తరఫున అన్నాను. కనుక్కుని చెబుతామంది.

ధర్మవరంలోనే, మా నాయన ఇంటికి కాస్త దూరంలో ఉన్న వీధిలో, మొగుడూ పెళ్లాం ఇద్దరూ నేసే ఇల్లు ఒకటి. వాళ్లు ఆ బాక్సు కొన్నారు. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఆయన బయటికి వెళ్లాడు. ఎత్తే కడ్డీ దగ్గర దారమేదో చిక్కుపడితే ఆమె స్టూలెక్కి చెయ్యి లోపల పెట్టి విడదీస్తూ ఉంది. కరెంటు వచ్చింది. కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. మూడోది ఉన్నా వంగదు.

ఈ సంగతి నాకు నోటీసు ద్వారా తెలిసింది. వాళ్లు ముందు కంపెనీకి నోటీసు ఇచ్చారు. కంపెనీ వకీలు ఇచ్చిన జవాబులో, మేం చేసింది పెట్టె మాత్రమే, లోపలి ప్రోగ్రాం ఫలానా ముగ్గురు రాసి లోకానికి ఇచ్చింది, లోపం ఏదైనా ఉంటే వాళ్లను అడగండి అని ఉంది. ఫైలు మొదట్లో మా ముగ్గురి పేర్లూ ఉన్నాయి. మేమే పెట్టుకున్నాం. ధర్మవరం కోర్టులో దావా పడింది. కంపెనీతో పాటు మేం ముగ్గురం ప్రతివాదులం, ఎవరికి వాళ్లం, సొంత పేర్లతో, ఇంటి చిరునామాలతో.

నోటీసు కాలేజీ చిరునామాకు కూడా వచ్చింది. ప్రిన్సిపాల్ దాన్ని టేబుల్ మీద నా వైపు తోసి, "దీనికి మన కాలేజీతో ఏం సంబంధం లేదు గదా మేడమ్?" అని అడిగాడు. లేదన్నాను. ఆ మాట రాసి సంతకం పెట్టి ఇమ్మన్నాడు. ఇచ్చాను.

పెనుకొండలో మాకు తెలిసిన ఒక వకీలు ఉన్నాడు. వయసు మళ్లిన మనిషి. కిటికీలోంచి కొండ మీది కోట గోడలు కనబడే గదిలో కూర్చుంటాడు. ముగ్గురం వెళ్లాం. కాగితాలన్నీ చదివి, కళ్లద్దాలు తీసి అడిగాడు.

"ఇంతకీ మీ ముగ్గురూ కలిస్తే ఏమైతారమ్మా? కంపెనీనా?"

"కాదు సార్."

"సొసైటీనా, ట్రస్టా?"

"కాదు."

"భాగస్థులా? లాభం పంచుకుంటారా?"

"లాభమే లేదు సార్" అన్నాడు చెన్నేకొత్తపల్లి అతను.

"అయితే చట్టానికి మీరు కలిసి ఏమీ కాదు. విడివిడిగా ముగ్గురు మనుషులు. ఆ కంపెనీకేమో కంపెనీ అనే గోడ ఉండాది. పోతే కంపెనీ పోతాది గానీ, దాని వెనకాల కూర్చున్నోళ్ల ఇండ్లు పోవు. మీకు ముందర గోడ ల్యా."

నేను ఆ ఇంగ్లీషు పేరా తీసి చూపించాను. మా పూచీ లేదని రాశాం సార్ అన్నాను. ఆయన రెండుసార్లు చదివాడు.

"బాగానే ఉండాది. అయితే ఈ షరతు ఒప్పుకున్నది ఎవరు? మీ ప్రోగ్రాం తీసుకున్న కంపెనీ. ఆ మగ్గం నేసే అమ్మ దీన్ని ఎప్పుడన్నా చూసిందా? చూడని కాగితం ఆమెను ఎట్ల కట్టేస్తాది?"

మోటారును ఆపే ఆ వరసలను తీసేసింది కంపెనీయేనని, వాళ్ల కోడ్ బయటికి తెస్తే రుజువవుతుందని, మా షరతు ప్రకారం వాళ్లు దాన్ని చూపించాల్సిందేనని నేను గబగబా చెప్పాను. మేమే వాళ్ల మీద దావా వేస్తామన్నాను.

"వేయొచ్చు. ఆ భాగం రాసిందెవరు?"

పెనుకొండ పిల్లవాడు చెయ్యెత్తాడు, క్లాసులో ఎత్తినట్టు.

"నువ్వు ఉద్యోగంలో చేరినప్పుడు ఏం రాసిచ్చినావప్పా?"

వాడు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు తను రాసే ప్రతి కోడ్ మీదా హక్కు ఆఫీసుదేనని సంతకం చేశాడు. ఇంట్లో కూర్చుని రాసినా సరే. ఆ కాగితం నిలుస్తుందా లేదా అనేదే ఒక పెద్ద వాదమని, అది తేలిందాకా ఆ కోడ్ మాదేనని గట్టిగా చెప్పలేమని వకీలు అన్నాడు. రాసింది మేమేనని మా మీద దావా వేయడానికి పేరు చాలు. రాసింది మాదేనని మేం దావా వేయడానికి ఆ పేరు చాలదు. మెట్లు దిగుతుంటే చెన్నేకొత్తపల్లి అతను నాతో ఒకే మాటన్నాడు.

"అక్కా, షాపు నా పేరు మీదుండాది. ఇల్లు మా యమ్మ నా పేరు మీదికి రాసింది. ఇంట్లో ఏం చెప్పల్ల?"

బస్సు వస్తే ఎక్కి వెళ్లిపోయాడు.

పెనుకొండ పిల్లవాడు తర్వాతి వారం ఫోను చేశాడు. "మేడమ్, ఫైల్లో నా పేరు తీసేయండి" అన్నాడు. తీసినా పాత కాపీలన్నిటిలోనూ ఉంటుంది గదా, ఎవరు ఎప్పుడు ఏ వరస రాశారో మొత్తం చరిత్రే ఉంది గదా అన్నాను. వాడికి తెలియదా? నాకంటే బాగా తెలుసు. "తెలుసు మేడమ్. అయినా తీసేయండి" అన్నాడు. తీసేశాను. ఆ పని చేయడానికి నాకు చాలాసేపు పట్టింది. చేస్తున్నది ఉత్త నాటకమని తెలిసీ చేశాను. ఆఫీసులో వాడిని పిలిచి ఏదో అడిగారని తర్వాత విన్నాను. ఆ తర్వాత ఫోన్లు తగ్గాయి. తర్వాత ఎత్తడం మానేశాడు. వాడిని నేను తప్పు పట్టలేను. వాడికి అప్పుడే కూతురు పుట్టింది.

వకీలు వద్దన్నా వినకుండా నేను ఆమెను చూడటానికి వెళ్లాను. ఇంట్లో మగ్గం ఉంది గానీ సద్దు లేదు. ఆమె గడపలో కూర్చుని ఎడమచేత్తో రాట్నం తిప్పుతూ దారం కండెలకు చుడుతోంది. నా వయసే ఉంటుంది. నేనెవరో చెప్పాను. కోప్పడుతుందని అనుకున్నాను. కోప్పడలేదు.

"నువ్వు ఫలానా డిజైన్లు గీసే ఆయన కూతురివి గదా? మీ నాయన గీసిన అంచు మా అత్త నేసింది" అంది. చాప వేసింది.

నేను చెప్పాలనుకున్నదంతా చెప్పాను. కరెంటు వచ్చినా కదలకూడదనే మేం రాశామని, దాన్ని ఎవరో మార్చారని.

"మరి మార్చేటప్పుడు నిన్ను అడగల్యా?"

"అడగరు. ఎవరైనా మార్చుకోవచ్చని మేమే రాసిచ్చాం."

"ఎవరైనా మార్చుకోవచ్చా?" ఆమె రాట్నం ఆపింది. "మరి నీ పేరెందుకుండాది ఆడ?"

ఎంతోమందికి ఓపెన్ సోర్స్ అంటే ఏమిటో పాఠం చెప్పినదాన్ని. పంచుకుంటే విద్య పెరుగుతుందని, తెరిచి పెట్టినదాన్ని నలుగురు చూస్తే తప్పులు త్వరగా దొరుకుతాయని. ఆమెకు చెప్పడానికి అందులో ఒక్క మాటా పనికి రాలేదు. కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని, పైన చెంగు కప్పుకుని ఉంది. వచ్చేటప్పుడు వాళ్లాయన వాకిట్లోకి వచ్చాడు. "మీ మీద మాకేం పగ ల్యామ్మా. వకీలు అందరి పేర్లూ పెట్టమన్నాడు, పెట్టినాం" అన్నాడు.

దావా చాన్నాళ్లు నడిచింది. వాయిదాకు ధర్మవరం పోవడం, సాయంత్రందాకా వరండాలో నిలబడటం, తిరిగి రావడం. నాయన అడిగేవాడు, దేనికి వచ్చావమ్మా అని. బజారు పని అని చెప్పేదాన్ని. తన కోసం మొదలుపెట్టిన పని ఇక్కడికి వచ్చిందని ఆయనకు తెలియనీయలేదు.

చివరికి అది తేలలేదు, ఆగిపోయింది. కంపెనీవాళ్లు కోర్టు బయట ఆ దంపతులతో మాట్లాడుకున్నారు. ఏం ఇచ్చారో మాకు తెలియదు. ఈ విషయం ఇక ఎక్కడా మాట్లాడబోమని వాళ్లచేత రాయించుకున్నారని మాత్రం వకీలు చెప్పాడు. దావా వెనక్కి తీసుకున్నారు, మా ముగ్గురి మీద కూడా.

"గెలిచినట్టే గదమ్మా" అన్నాడు.

"తప్పు ఎవరిదని తేలింది సార్?"

"ఎవరిదీ అని తేలల్యా. అది తేల్చే పని పడల్యా." కొంచెం ఆగి, "ఆ బాక్సులో లోపముందని నువ్వు యాడన్నా రాసేవు. రాయొద్దు. రుజువు నీ దగ్గర ల్యా. పరువు నష్టం కేసు వేస్తే ఈసారి నువ్వొక్కదానివే" అన్నాడు.

ప్రోగ్రాం పేజీ మూసేశాను. ఇక దీన్ని ఎవరూ చూసుకోవడం లేదు, వాడొద్దు అని ఒక వాక్యం పెట్టాను. ఉత్తరాదిన ఎక్కడో ఒక నేతగాడు, ఎందుకు మూశారు, మా ఇంట్లో మూడు మగ్గాలు దీనిమీదే నడుస్తున్నాయి అని మెయిల్ పెట్టాడు. జవాబు రాయబోయి, వకీలు మాట గుర్తొచ్చి ఆపేశాను. ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకునే హక్కు మాకు లేదు. ఒకసారి ఇస్తే ఎప్పటికీ ఇచ్చినట్టేనని మేమే రాసుకున్నాం. కాపీలు ఎక్కడెక్కడ ఉన్నాయో, ఎవరు ఏం మార్చుకుంటున్నారో నాకు తెలియదు. వాటన్నిటి మొదట్లోనూ మా పేర్లుంటాయి. చెన్నేకొత్తపల్లి అతను ఇప్పుడు బోరు మోటార్లు తప్ప ఏదీ ముట్టుకోడు. ఎప్పుడైనా కనబడితే పిల్లల చదువుల గురించి మాట్లాడుకుంటాం.

మొన్న నాయన మందుల కోసం ధర్మవరం బజారుకు వెళ్లాను. ఆ షాపు ముందు ఆటో నిలబడి ఉంది. గోరంట్ల వైపు నుంచి వచ్చిన మొగుడూ పెళ్లాం ఒక బాక్సు కొని ఎక్కిస్తున్నారు. అదే బాక్సు, కొత్త రంగు. నేను దాటిపోయాను. తర్వాత వెనక్కి వచ్చాను.

"అమ్మా, కరెంటు పోయినప్పుడల్లా ముందు ప్లగ్గు పీకేయండి. చెయ్యి పెట్టే ముందు పీకేయండి" అన్నాను.

షాపు మనిషి నా వైపు చూశాడు. "ఏమమ్మా, మా సరుకులో లోపముందంటాండావా? అట్లయితే రాసియ్యి చూస్తాం."

నేను రాసివ్వలేదు. ఆమె నన్నూ అతన్నీ మార్చి మార్చి చూసి, ఎవరో పిచ్చిదని అనుకుందేమో, తల ఊపింది. ఆటో కదిలింది. దుమ్ము సర్దుకునేదాకా అక్కడే నిలబడి, మందుల షాపులోకి వెళ్లాను.